మేడమీద పెట్టని బడి

జూన్ 9, సోమవారం

రిటైరై తొమ్మిది రోజులు. ఈ డైరీ వీడ్కోలు సభలో శాలువాతోపాటు చేతిలో పెట్టారు. ముప్ఫై మూడేళ్ళు పిల్లల్ని డైరీ రాయండర్రా అని పోరాను గానీ నేనొక్క పేజీ రాసిన పాపాన పోలేదు. సరే దమయంతీ, ఇప్పుడు రాయి. దిద్దేవాళ్ళెవరూ లేరు.

పొద్దున కొళాయి తిప్పితే గాలి వచ్చింది. మా ఆయన విజయవాడ పెళ్ళికి వెళ్ళి ఇంకా రాలేదు. శనివారం నుంచీ కింద మెట్ల దగ్గర నోటీసు అంటించి ఉందట, రెండు రోజులు నీళ్ళు రావు, పట్టి పెట్టుకోండి అని. ఆ కాగితం ముందు నుంచి కనీసం ఆరుసార్లు వెళ్ళి ఉంటాను. తమిళంలో ఉంది. నాకు చదవడం రాదు. మద్రాసొచ్చి ముప్ఫై మూడేళ్ళు, అందులో ఇరవై ఏడేళ్ళు ఈ మాధవరంలోనే. ఎం.ఏ. తెలుగు. నీళ్ళ నోటీసు చదవలేను. ఖర్మ!

ఎదురింటి కలైవాణి రెండు బకెట్లు తెచ్చిచ్చింది. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. ఆమె తమిళంలో, నేను తెలుగులో మాట్లాడుకుంటాం, ఇన్నేళ్ళూ బాగానే గడిచింది. “రోజూ ఒక గంట రండి ఆంటీ, నేను నేర్పిస్తాను” అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

జూన్ 11, బుధవారం

క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరమట. “మరి తేడా ఎలా తెలుస్తుందమ్మా?” అంటే “తెలుస్తుంది ఆంటీ” అంటుంది. ‘న’లు మాత్రం మూడు! రెండో తరగతి పిల్లాడి వాచకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న పాప నన్ను చూసి “ఈ పాట్టి ఫెయిలయ్యారా?” అని కలైవాణిని అడిగింది. పాట్టి అంటే మామ్మ.

జూన్ 16, సోమవారం

డిక్టేషన్. ఇరవై మాటలకు పన్నెండు తప్పులు. కలైవాణి ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతుంటే ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ళలో నేను ఎన్ని సున్నాలు చుట్టి ఉంటానో.

జూన్ 20, శుక్రవారం

ఈ రోజు సంగతి కుదురుగా రాయాలి.

కలైవాణి ఆ నీళ్ళ నోటీసునే పాఠంగా పెట్టింది. కూడబలుక్కుంటూ ఆఖరి వరసకు వచ్చాను. ‘అవసర తేవైక్కు’ అని ఉంది, పక్కన ఫోన్ నంబరు.

“అవసరం అంటే తెలుసు కదా ఆంటీ?”

“తెలియకేం, కావలసి ఉండడం.”

“అయ్యో, అది తేవై. అవసరం అంటే అర్జెంటు. తొందర.”

తొందర. అవసరం అంటే తొందర. అయితే అలమేలక్క ఆ రోజు నాతో అన్నది వేరు!

వాషర్‌మెన్‌పేట్‌లో అలమేలక్క ఇంటి మేడమీద ఆరేళ్ళు అద్దెకున్నాం. రెండు గదులు, ముందు పెద్ద డాబా. కింద వాళ్ళు. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు, ఇంట్లో మాత్రం తెలుగే. చదువులు తమిళంలో కాబట్టి ఎవరికీ తెలుగు అక్షరం రాదు. అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. కొత్తగా వచ్చి తెనాలి మీద బెంగతో ఏడుస్తుంటే నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి “ఏడిస్తే ఏడువు, ఈ చిక్కుడుకాయలు వలుస్తా ఏడువు” అన్న మనిషి. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చునేవాళ్ళం. నేను పైమెట్టు, ఆమె కిందిమెట్టు. వారపత్రికలో సీరియల్ పైకి చదివేదాన్ని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ “ఆ మొగోడు దొంగ, నేను ముందే చెప్పినా కదే” అనేది. ఆ మెట్ల చల్లదనం ఇప్పటికీ అరికాళ్ళకు గుర్తుంది. తర్వాత ఎన్ని ఇళ్ళు చూశాను, ఎవరి మెట్ల మీదా అలా కూర్చోలేదు.

తొంభై ఎనిమిది వేసవి. నాకో పిచ్చి పట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాని ఇళ్ళు ఆ వీధుల్లో ఎన్నో. డాబా మీద తెలుగు బడి పెడదాం, సెలవుల్లో వాళ్ళ పిల్లలకు నేర్పుదాం అని. డాబా ఇమ్మని అడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. అక్క గంజి వారుస్తోంది. తలెత్తకుండానే “ఇప్పుడు అవసరం లేదు దమయంతీ” అంది.

అంతే. మా భాష మాకు అక్కర్లేదు పొమ్మంది, నా ముఖాన తలుపేసింది అనుకున్నాను. నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేశాం. ఎందుకే, ఎందుకే అని వెంటపడి అడిగింది. నీళ్ళ ఇబ్బంది అన్నాను. కూతురు రంజని పెళ్ళికి శుభలేఖ పంపింది. వెళ్ళలేదు. ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే చూడనట్టు వంకాయలు ఏరుకున్నాను.

తొందర లేదు అంది. అంతేగా అంది! ఒక్క మాట తెలియక ఇరవై ఏడేళ్ళు పోయాయి. నాకెలా తెలుస్తుంది? నాకు తెలియదు కదా.

జూన్ 22, ఆదివారం

వెళ్ళాను. బస్సు దిగి వీధి మలుపులో చాలాసేపు నిలబడ్డాను. సగం వీధి అపార్ట్‌మెంట్లు అయిపోయింది. అక్క ఇల్లు అలాగే ఉంది, రంగు మాత్రం ముదురు పసుపు.

రంజని తలుపు తీసింది. అప్పుడు రెండు జడలతో తొమ్మిదేళ్ళ పిల్ల, ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఒక్క క్షణం చూసి “అమ్మా! టీచర్ వందిరుక్కాంగ!” అని తమిళంలో కేకేసింది, టీచర్ వచ్చారని. తెలుగు ఆమెకు నోట్లోనే ఆగిపోతోంది. పిల్లలకైతే అసలు రాదు.

లోపల అక్క భర్త ఆదికేశవులు గారి ఫొటోకి దండ. తెలుగు తప్పులు పోతాయని సిగ్గుపడి, నన్ను చూస్తే చేత్తోనే దండం పెట్టి తప్పుకునే మనిషి.

“కరోనాలో పొయ్యినారు. నాలుగేండ్లాయె” అంది అక్క. తల తెల్లగా ముగ్గుబుట్టయింది, గొంతు మాత్రం అదే. “ఆడనే నిలబడుకోని ఉండావేమే? ఈడ వచ్చి కూసో. కాపీ తాగతావా?”

నా దగ్గర మాటలు తయారుగా ఉన్నాయి. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాను. తమిళం నేర్చుకోవడం, నోటీసు, అవసరం, తొందర, అంతా గడగడా చెప్పేశాను. రంజని పగలబడి నవ్వింది. “అయ్యో టీచర్! ఒక్క మాటకా!” అని తన పిల్లలకు తమిళంలో మళ్ళీ చెప్పింది. వాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

అక్క కూడా నవ్వింది. ముందు కాసేపు నా ముఖంలోకి చూసి, తర్వాత నవ్వింది. “అట్లనా? సరి సరి, పోనీలే” అంది.

రంజనే చెప్పింది, సగం తమిళం, సగం తెలుగు. “అమ్మ మీకోసం పందిరి వేయించింది టీచర్. కత్తిరి ఎండలు పోయినాక పైన కీత్తు పందిరి వేయించి ఇద్దామని ఉండిందంట. మీరు పోయినాక పనోళ్ళు వచ్చి కొబ్బరాకులు దించినారు. వద్దనలేక అమ్మ వేయించేసింది. రెండేండ్లు దాని కింద బట్టలారేసినాము.”

కత్తిరి అంటే మేలో నిప్పులు కురిసే ఆ మూడు వారాలు. అందుకని తొందర లేదంది. పిల్లలు మాడిపోతారని.

కాఫీ చల్లారిపోయాక తాగాను. అంతా తేలికైపోయింది. ఒక్క మాట, అంతే.

జూన్ 23, సోమవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకు అంతా చెప్పాను. విజయవాడ నుంచి నిన్ననే దిగారు. మజ్జిగ కలుపుకుంటూ విని, “అదేమిటోయ్, ఆ మాట నీకు తెలియకపోవడమేమిటి?” అన్నారు.

“ఎలా తెలుస్తుంది?”

“రోజూ పేపర్లు దిద్దుతూ నువ్వే చదివి వినిపించేదానివిగా! ‘నేను అవసరంగా పరుగెత్తినాను’ అని రాశాడొకడు అని పడీపడీ నవ్వావు. మనం ఆ మేడమీదున్న రోజుల్లోనే.”

ఆయనకు మతిమరుపు. అరవై నాలుగొచ్చాయి. దేన్నో దేనికో కలిపి చెబుతారు.

జూన్ 24, మంగళవారం

ఆయనతో మాట్లాడలేదు. తమిళం క్లాసుకు వెళ్ళలేదు.

జూన్ 27, శుక్రవారం

పిల్లలు రాసేది వేరు, పెద్దవాళ్ళు మాట్లాడేది వేరు. పిల్లల పేపర్లో తప్పు గుర్తుపట్టినంత మాత్రాన వంటింట్లో మాట గుర్తుకు రావాలని ఏముంది? అది తప్పని తెలియడం వేరు, అది వాళ్ళ మాట అని తెలియడం వేరు. నాకు తెలియదు.

మళ్ళీ చదివాను. ఒకే పేరాలో రెండుసార్లు తెలియడం వేరు, తెలియడం వేరు. ఇలాంటి వ్యాసం ఎవరైనా రాసి ఉంటే కింద ‘డొంకతిరుగుడు’ అని రాసేదాన్ని.

జూన్ 29, ఆదివారం

తెలుసు.

జూలై 1, మంగళవారం

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

ఆ ఏప్రిల్‌లో స్టాఫ్‌రూంలో అందరి ముందూ గొప్పగా చెప్పాను, నలభై మంది పిల్లలతో బడి పెడుతున్నానని. హెడ్‌మాస్టరు గారు “అమ్మా, ఈ ఊళ్ళో ఇప్పుడు తెలుగుకి నలుగురు రారు” అంటే, చూడండి సార్ అన్నాను. పది రోజులు ఇల్లిల్లూ తిరిగాను. నలభై ఇళ్ళ పైనే. మంచినీళ్ళిచ్చారు, మజ్జిగిచ్చారు, కుర్చీ వేశారు. “తెలుగు చదివి ఏం చేస్తారు టీచర్, కంప్యూటర్ క్లాసుకి పంపిస్తా ఉండాము” అన్నారు. ఒకావిడైతే “మీరు ఇంగ్లీషు చెబుతారా?” అని ఆశగా అడిగింది. పదో రోజుకు నా పుస్తకంలో మూడు పేర్లు. అందులో ఒకటి రంజని.

ముగ్గురితో బడి పెడితే హెడ్‌మాస్టరు గారి ముఖం ఎలా చూడడం? ఆ ముగ్గురిలో ఒకరు మానేస్తే? మెట్లెక్కి దిగేటప్పుడల్లా అలమేలక్క చూస్తుంది, డాబా అంతా ఖాళీగా ఉంటే నవ్వుకుంటుంది. ఆ భయంతో నాకు అన్నం సహించలేదు. చెప్పుకోవడానికి సిగ్గు. వెనక్కి తగ్గడానికీ సిగ్గు.

అలాంటి స్థితిలో వంటింట్లోకి వెళ్ళాను. “ఇప్పుడు అవసరం లేదు” అని ఆమె అనగానే, ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది, నా గుండెల మీద బరువు దిగిపోయింది. హమ్మయ్య అనిపించింది. మొట్టమొదట అనిపించింది అదే. కోపం మెట్లెక్కాక వచ్చింది. నేనే తెచ్చుకున్నాను. ఆ మాటకు ఆమె భాషలో అర్థమేమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ‘అవసరంగా పోతా ఉండా, వచ్చి మాట్లాడతా’ అని రోజుకు నాలుగుసార్లు విన్నాను. తెలియకపోవడమేమిటి నా బొంద!

స్టాఫ్‌రూంలో చెప్పాను, ఇంటివాళ్ళు ఒప్పుకోలేదండీ, వాళ్ళకి తెలుగు అవసరం లేదట అని. అందరూ అయ్యో అన్నారు. ఓడిపోయానని ఎవరికీ తెలియలేదు. ఆ ఓటమిని మోయడానికి అలమేలక్కను పెట్టుకున్నాను. రోజూ ఆమె ఎదుట పడడం చాతకాక ఇల్లు మారాను.

పోయిన ఆదివారం కాక అంతకుముందు ఆదివారం, ఆ ఇంట్లో కూర్చుని, వాళ్ళ కాఫీ తాగుతూ, మళ్ళీ అబద్ధం చెప్పి వచ్చాను. ఈసారి నవ్విస్తూ చెప్పాను.

జూలై 2, బుధవారం

ఊరుకుంటే ఏం పోయింది? అక్క నవ్వింది. పోనీలే అంది. ఈ వయసులో తవ్వుకోవడం ఎందుకు అంటున్నారాయన.

నిజమే.

జూలై 3, గురువారం

నిజం కాదు.

జూలై 5, శనివారం

రంజని పిల్లల్ని తీసుకుని బజారుకు వెళ్ళిందట. అక్క ఒక్కతే ఉంది. కింద కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. నేనూ కింద కూర్చున్నాను. చెప్పేశాను. మూడు పేర్లు, హెడ్‌మాస్టరు గారు, హమ్మయ్య అనిపించడం, అన్నీ. “ఆ మాట నాకు తెలుసక్కా. ఆ రోజే తెలుసు” అన్నాను.

అక్క ఈనె తీస్తూనే ఉంది.

“నీకు తెలుసని నాకు తెల్దా ఏమి? పిల్లోళ్ళు అవసరంగా వచ్చినాము అని రాసినారని మెట్ల మీద కూసోని నాతోనే కదా చెప్పి నవ్వితివి. ‘ఓసి నీ ఇల్లు బంగారంగానూ, మేమూ అట్లనే కదే అంటాము’ అని నేనంటే నీ ముఖం ఇంతయింది.”

అది నాకు గుర్తే లేదు. అది కూడా మర్చిపోయాను.

“మరి మొన్న నవ్వావేం అక్కా? తెలిసీ?”

“ఇరవై ఏడేండ్లకి వచ్చినావు. ఏందో ఒగ సాకు చెప్పుకోని వచ్చినావు. పో అని తరుముదునా?” చేట పక్కకు జరిపింది. అప్పుడు నా వైపు చూసింది. “ఇల్లు మార్చినావు, సరి. పెండ్లికి రాలేదు, సరి. నాకు ఎక్కడ కాలిందో చెప్పనా? ముగ్గురే వచ్చినారంటే నేను నవ్వతానని అనుకున్నావు చూడు, అది. నేను ఎందుకే నవ్వతాను? నీవు ఏడస్తా ఉంటే చిక్కుడుకాయలు వలిపించినదాన్ని.”

ఏడ్చాను. అరవై ఏళ్ళ మనిషిని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. చేటలో సగం గోరుచిక్కుళ్ళు నా వైపు తోసింది, అంతే.

మళ్ళీ ఆమే అంది. “ఇంకొకటి. ముగ్గురు ముగ్గురు అంటావే. నలుగురు.”

“ఎవరక్కా?”

“నేను.”

నాకు అర్థం కాలేదు.

“నలభై ఇండ్లు తిరిగినావు కదా, కిందింట్లో అడిగినావా? నీవు పైమెట్లో కూసోని చదవతా ఉంటే నేను కిందనుంచి ఆ పుస్తకం ముఖం చూస్తా ఉంటిని. మా నాయన మాట్లాడిన బాస, నాకు ఒగ అక్షరం రాదు. ఎన్నాళ్ళు ఇంకొకరి నోట వినేది? నేనూ పిల్లోళ్ళతో కలిసి ఒగ పక్క కూసుందామని ఉంటిని. అందుకే కదా పందిరి పెద్దదిగా వేయమంటిని. నోరు తెరిచి అడిగేదానికి నాకు సిగ్గు. నీవు టీచరమ్మవి, నీకు తట్టలేదు.”

నలభై ఇళ్ళు. మజ్జిగ, మంచినీళ్ళు, కుర్చీలు. కింద ఒక్క గుమ్మం దాటి అడగలేదు. ఆరేళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషికి అక్షరం కావాలేమో అని ఒక్కసారి అనుకోలేదు. నేను చదివి వినిపిస్తున్నానన్న గొప్ప తప్ప నాకు ఇంకేం కనిపించలేదు. పిల్లలు రాలేదని కాదు, నేను ఓడింది ఇక్కడ.

“ఇప్పుడు నేర్పనా అక్కా?” అన్నాను.

“ఆదివారం మొదలుపెట్టు. రేపు కాదు, వచ్చే ఆదివారం. ఆ గురువారం ఆడి నెల పుడతాది. ఆడిలో కొత్తది ఏదీ మొదలుపెట్టేది లేదు. మళ్ళా నెల ఆగాల. నాకు అరవై ఏడు.”

జూలై 10, గురువారం

రంజని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తెలుగు చదవడం, రాయడం, ఆదివారం పది గంటలకు, ఏ వయసువాళ్ళైనా రావచ్చు అని. తమిళంలోనే పెట్టింది, లేకపోతే ఎవరు చదువుతారు! ఏడుగురు వస్తామన్నారట. ఏడుగురు! నల్లబల్ల తుడిపించాను. కలైవాణి డిక్టేషన్‌లో ఆరే తప్పులు.

జూలై 12, శనివారం

మళ్ళీ అదే భయం. అచ్చం అదే. అరవై ఏళ్ళొచ్చినా పోలేదు.

జూలై 13, ఆదివారం

తొమ్మిదిన్నరకే వెళ్ళాను. డాబా మీద ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది. రంజని ఊడ్చి చాప పరిచింది. ఏడు కొత్త నోటుబుక్కులు వరసగా పెట్టాను. రంజని తన పిల్లల్ని బతిమాలింది గానీ వాళ్ళకు డాన్సు క్లాసట, వాళ్ళను దింపడానికి తనూ వెళ్ళిపోయింది.

పది అయింది. వీధి చివరింట్లో సీమంతం, అందరూ అక్కడే ఉన్నట్టున్నారు. పదింబావు. పదిన్నర. రెండుసార్లు పిట్టగోడ దగ్గరకు వెళ్ళి కిందికి చూసి వచ్చాను. గేటు తీసిన చప్పుడైతే మూడోసారి తొంగి చూశాను. పాలవాడు.

అక్క మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కి ఎప్పుడో వచ్చి చాప మీద కూర్చుంది. తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ముందున్న నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ అరచేత్తో సాపు చేస్తోంది. నేను మళ్ళీ పిట్టగోడ వైపు కదిలాను.

“ఏమే టీచరమ్మా” అంది. “వచ్చినదాన్ని ఇడిసిపెట్టి రానోళ్ళని చూస్తా ఉండావు. మొదలుపెట్టవా?”

సుద్దముక్క తీసుకున్నాను. మొదలుపెట్టాను.